ఫోను కోసం క్రోషే అడ్డసంచి: సాగిపోకుండా అల్లే పద్ధతి

జంధ్యంలా భుజం మీదుగా అడ్డంగా వేసుకునే ఫోను సంచి చూడ్డానికి చిన్నదే గానీ, దాని మీద పడే భారం తక్కువేం కాదు. కవరుతో కలిపి 200 గ్రాములకు పైగా ఉండే ఫోను అందులో రోజంతా వేలాడుతుంది, నడుస్తుంటే అడుగడుగుకూ కిందికి లాగుతుంది. క్రోషే అల్లిక అంతా లూపుల్లో లూపులు. బరువు పడ్డకొద్దీ ఒక్కో లూపు కాస్త కాస్త సర్దుకుని పొడవు పెరుగుతుంది. అల్లిన రోజు నడుము దగ్గర ఉన్న సంచి నెల తిరక్కుండానే నాలుగు వేళ్లు కిందికి దిగిపోవడానికి కారణం ఇదే. అందుకే ఇక్కడ చెప్పే కొలతలు, కుట్లు, లైనింగ్ అన్నీ ఆ సాగుడును ఎక్కడికక్కడ ఆపడం కోసమే.

లేసు అల్లి అలవాటున్న చేతికి ఇంకో జాగ్రత్త కావాలి. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పని అందమంతా గాలి ఆడే ఖాళీల్లోనే ఉంటుంది: సన్న దారం, పొడుగు కుట్లు, వదులు గొలుసులు. ఫోను సంచికి సరిగ్గా దీనికి ఎదురు కావాలి. పొట్టి కుట్టు, బిగువు చేయి, కుట్టుకూ కుట్టుకూ మధ్య వేలుగోరు కూడా దూరనంత దగ్గరితనం. పొడుగు కుట్టైన డబుల్ క్రోషేతో అల్లిన సంచి త్వరగా అయిపోతుంది, అంతే త్వరగా సాగుతుంది. సంచి మొత్తం సింగిల్ క్రోషేతోనే అల్లండి.

ఈ పేర్లతో ఒక చిక్కు ఉంది. అమెరికా పద్ధతిలో సింగిల్ క్రోషే అనేదాన్నే బ్రిటిష్ పద్ధతిలో డబుల్ క్రోషే అంటారు. ఇక్కడ వాడినవి అమెరికా పేర్లు. సింగిల్ క్రోషే అంటే కుట్టులో కొక్కెం దూర్చి దారం లాగాలి, కొక్కెం మీద రెండు లూపులుంటాయి, మళ్లీ దారం చుట్టి ఆ రెండింటిలోంచీ ఒకేసారి లాగేయాలి. ఇంతే.

కావలసిన సామాను

దారం నూలుదే తీసుకోండి. ఊలు దుకాణాల్లో ఎక్కువగా దొరికేది అక్రిలిక్. స్వెట్టరుకు అది బాగుంటుంది గానీ సంచికి పనికిరాదు. సాగుతుంది, రాపిడికి బొచ్చు లేస్తుంది, ఎండాకాలంలో ఒంటికి ఆనితే చిరచిరలాడుతుంది. నూలు ఉండ లేబుల్ మీద 100 గ్రాములకు 170 నుంచి 200 మీటర్లు అని ఉంటే ఈ సంచికి తగిన లావు. సంచి, మూత, పట్టీ అన్నీ కలిపి 100 నుంచి 120 మీటర్లు పడుతుంది. కాబట్టి 100 గ్రాముల ఉండ ఒక్కటి చాలు, నమూనా ముక్కకు కూడా దారం మిగులుతుంది.

కొక్కెం 3.5 మి.మీ. ఇదే లావు దారానికి లేబుల్ మీద 4 లేదా 4.5 మి.మీ. అని ఉండొచ్చు. అది ఒంటికి వేసుకునే బట్టల లెక్క, సంచికి ఒక మెట్టు దిగాలి. కొక్కేల మీద ఉండే నంబర్లు తయారీని బట్టి మారిపోతుంటాయి, కొనేటప్పుడు మిల్లీమీటర్లే చూడండి.

ఇవి కాక 15 మి.మీ. డి-రింగులు (ఆంగ్ల అక్షరం డి ఆకారపు రింగులు) రెండు, 15 మి.మీ. గుండీ ఒకటి, పెద్ద కన్నున్న మొద్దు సూది, మామూలు సూదీదారం, నాలుగు పిన్నీసులు, లైనింగుకు బ్లౌజు గుడ్డ పావు మీటరు కావాలి. పట్టీ వెనక కుట్టడానికి 1 సెం.మీ. వెడల్పున్న చదును నాడా ఒకటిన్నర మీటరు తెచ్చుకోండి. లంగాలకు వేసే నూలు నాడానే, గుండ్రటి తాడు కాదు. సంచి ఎన్నాళ్లు నిలుస్తుందనేది చాలావరకు ఈ నాడా మీదే ఆధారపడుతుంది, దాన్ని దాటవేయకండి.

ముదురు ఎరుపు, నేవీ నీలం, నలుపు దారాలు తీసుకుంటే అల్లకముందే రంగు పరీక్ష చేయండి. ఓ మూర దారం తడిపి తెల్లగుడ్డలో గట్టిగా నొక్కి చూడండి. ఇది ఒంటికి ఆనుకుని ఉండే సంచి. చెమట తగిలితే రంగు నేరుగా చుడీదారు మీదికి దిగుతుంది.

కొలత

అల్లేముందు నమూనా ముక్క తప్పనిసరి. 24 కుట్లు, 24 వరసలు అల్లి, అంచులు వదిలేసి మధ్యలో టేపు పెట్టి 10 సెం.మీ.కి ఎన్ని కుట్లు, ఎన్ని వరసలు వచ్చాయో లెక్కించండి. ఈ వివరణలో లెక్క 20 కుట్లు, 22 వరసలు. మీకు 18 కుట్లే వస్తే చేయి వదులు, కొక్కెం 3 మి.మీ.కి దించండి. 22 వస్తే కొక్కెం మార్చకండి, ఆ బిగువు మంచిదే, కుట్ల సంఖ్య పెంచుకుంటే చాలు.

ఫోనును కవరుతో సహా కొలవండి. 16.5 సెం.మీ. పొడవు, 8 సెం.మీ. వెడల్పు, 1.2 సెం.మీ. మందం అనుకుందాం. వెడల్పు, మందం కలిపి రెట్టింపు చేస్తే 18.4. ఫోను, వేళ్లు సులువుగా ఆడటానికి, లైనింగుకు కలిపి మూడున్నర సెం.మీ. చేరిస్తే సంచి చుట్టుకొలత 22 సెం.మీ. దగ్గర తేలుతుంది. సెంటీమీటరుకు 2 కుట్ల చొప్పున 44 కుట్లు. ఎత్తుకు ఫోను పొడవు మీద ఒకటిన్నర కలిపితే 18 సెం.మీ., అంటే 40 చుట్లు.

మీ కుట్ల సంఖ్య వేరే అయితే దాన్ని సరిసంఖ్యగా సవరించి, అందులోంచి 2 తీసేసి సగం చేయండి. దానికి 1 కలిపితే మొదటి గొలుసులో ఎన్ని వేయాలో వస్తుంది. 44కు 22. పది సెంటీమీటర్లకు 22 కుట్లు పడే చేతికి చుట్టు 48, గొలుసు 24.

భవిష్యత్తులో పెద్ద ఫోను కొంటామేమోనని రెండు మూడు సెం.మీ. అదనంగా ఇచ్చే ఆలోచన మానండి. వదులు సంచిలో ఫోను ఓ పక్కకు ఒరిగి, బరువంతా ఒకే మూల మీద పడి అక్కడే సాగుతుంది.

అడుగు

ఈ సంచికి పక్క కుట్లు ఉండవు. ఒక గొలుసు వేసి, దాని రెండు వైపులా చుట్టూ అల్లుకుంటూ పైకి వెళ్లడమే. జారుముడి వేసి 22 గొలుసులు వేయండి (కొక్కెం మీది లూపులోంచి దారం ఒకసారి లాగితే ఒక గొలుసు). గొలుసు బిగుసుకుపోయే చేయి అయితే ఈ ఒక్క వరసకు 4 మి.మీ. కొక్కెం వాడి, తర్వాత 3.5కు మారండి. అడుగు గొలుసు బిగిస్తే సంచి కింద కుచించుకుపోయి పైన వెడల్పై, గరాటులా తయారవుతుంది.

కొక్కెం నుంచి రెండో గొలుసుతో మొదలుపెట్టి 20 గొలుసుల్లో ఒక్కొక్క సింగిల్ క్రోషే వేయండి. చివరి గొలుసులో మూడు వేయండి. ఇప్పుడు పనిని తిప్పకుండా గుండ్రంగా జరిపి, అదే గొలుసు కింది అంచు వెంట 19 కుట్లు వేయండి. మొదటి కుట్టు వేసిన గొలుసులోనే ఇంకో రెండు వేస్తే చుట్టు పూర్తవుతుంది. 20, 3, 19, 2: మొత్తం 44. ఇక్కడ ఒక్కసారి లెక్కపెట్టుకోండి. ఈ చుట్టులో తప్పిన కుట్టు 40 చుట్లూ వెంట వస్తుంది.

మొదటి వైపు అల్లేటప్పుడు ప్రతి గొలుసులో పై పోగు, దాని వెనకున్న గుబ్బ, ఈ రెండిటి కిందుగా కొక్కెం దూర్చండి. రెండో వైపుకు మిగిలే ఒక్క పోగు చక్కగా వరసలో కనిపిస్తుంది. ఎక్కడ పడితే అక్కడ దూరిస్తే అడుగున ఖాళీలు పడతాయి. నాణేలు జారిపోయేది వాటిలోంచే.

పైకి 40 చుట్లు

చుట్టు కలపాల్సిన పని లేదు. మొదటి కుట్టుకు పిన్నీసు గుచ్చి, దాని మీదికి వచ్చినప్పుడల్లా దాన్ని తీసి కొత్త కుట్టుకు మార్చుకుంటూ సర్పిలంగా అల్లుకుపోవడమే. ప్రతి కుట్టూ కింది కుట్టు రెండు పోగుల కిందుగా పడాలి. ఒక్క పోగులోనే వేస్తే గీతలు గీతలుగా చూడముచ్చటగా ఉంటుంది గానీ నిలువునా సాగుతుంది. పది చుట్లకోసారి 44 ఉన్నాయో లేదో చూసుకోండి.

బిగువు పెంచే చిన్న కిటుకు ఒకటుంది. కుట్టులో కొక్కెం దూర్చాక దారాన్ని కొక్కెం మీద చుట్టకుండా, కొక్కేన్నే దారం పైకి తీసుకెళ్లి కిందికి అదిమి లాగండి. రెండో లాగుడు మామూలుగానే. ఇలా వేస్తే కుట్టు ఆంగ్ల అక్షరం వి లాగా కాకుండా ఇంటూ గుర్తులా కూర్చుంటుంది, దారం తక్కువ పడుతుంది, ఖాళీలు మూసుకుంటాయి. ఈ పద్ధతి పట్టుకుంటే నమూనా ముక్క కూడా దీంతోనే అల్లండి, వెడల్పు తగ్గుతుంది కాబట్టి. మధ్యలో మొదలుపెడితే సంచి అక్కణ్నుంచి సన్నబడిపోతుంది.

ఉండ అయిపోయి దారం అతకాల్సి వస్తే పక్క అంచు దగ్గర అతకండి, ముందు వైపు మధ్యలో వద్దు. ముడి మీద నమ్మకం పెట్టుకోకండి. రెండు కొసలూ 15 సెం.మీ. వదిలి, మొద్దు సూదితో లోపల ఓ ఐదారు సెం.మీ. ఒక దిక్కుకు, మళ్లీ వెనక్కి నడిపించండి. మెర్సరైజ్డ్ నూలు (మెరుపు కోసం శుద్ధి చేసినది) నున్నగా ఉంటుంది కాబట్టి ఒకే దిక్కుకు నడిపిన కొస వాడుతూ వాడుతూ బయటికి జారుతుంది.

సర్పిలంగా అల్లినప్పుడు అందరినీ తికమక పెట్టేది పిన్నీసు జరుగుడు. కుట్టు కింది కుట్టు మీద నేరుగా కూర్చోదు. కుడిచేత్తో అల్లేవాళ్లకు కాస్త కుడికి వాలుతుంది. కింద పక్క అంచున మొదలైన పిన్నీసు 40 చుట్లు అయ్యేసరికి పక్క నుంచి తప్పుకుని ఉంటుంది. మీరు తప్పు చేయలేదు, కుట్టు స్వభావమే అంత. పిన్నీసును నమ్మి అక్కడే మూత మొదలుపెడితే మూత వంకరగా కూర్చుంటుంది. అందుకే 40 చుట్లు కాగానే సంచిని బల్ల మీద పరిచి, అడుగు చదునుగా సర్ది, పక్క మడత పైన ఏ కుట్టు దగ్గరికి వస్తుందో చూసి రెండు వైపులా కొత్తగా పిన్నీసులు పెట్టండి. రెండు పిన్నీసుల మధ్య ముందు 22, వెనక 22 ఉండాలి. దారం ఎక్కడ ఆగినా, ఆ పక్క మడత వచ్చేదాకా ఇంకొన్ని కుట్లు వేయండి.

మూత

వెనక భాగం మీకు ఎదురుగా ఉండేలా పట్టుకుని, 22 కుట్ల మీద ఒక వరస వేయండి. వరస చివర ఒక గొలుసు వేసి పని తిప్పండి. ఆ గొలుసు కుట్టు లెక్కలోకి రాదు. ఇలా 9 వరసలు నేరుగా. 10, 11, 12 వరసల్లో రెండు చివరలా రెండేసి కుట్లు కలిపి ఒకటి చేయండి (రెండు కుట్లలోంచీ ఒక్కో లూపు లాగి, కొక్కెం మీది మూడు లూపుల్లోంచీ ఒకేసారి దారం లాగేయాలి), 16 మిగులుతాయి. 13వ వరసలో కాజా వస్తుంది: రెండు కలిపి ఒకటి, 5 కుట్లు, 2 గొలుసులు వేసి కింద 2 కుట్లు వదలడం, 5 కుట్లు, రెండు కలిపి ఒకటి. మొత్తం 14. 14వ వరసలో రెండు కలిపి ఒకటి, 4 కుట్లు, గొలుసు ఖాళీలో 2, మళ్లీ 4, రెండు కలిపి ఒకటి: 12. 15వ వరసలో మళ్లీ రెండు చివరలా తగ్గిస్తే 10తో మూత అవుతుంది.

నేరు వరసల్లో కుట్లు 21, 20 అని తగ్గుతుంటే వరస చివరి కుట్టు వదిలేస్తున్నారని అర్థం. అది పక్కకు ఒదిగి కనిపించకుండా ఉంటుంది. వరస మొదటి కుట్టుకు, చివరి కుట్టుకు పిన్నీసు పెట్టుకుంటే ఈ బాధ ఉండదు. మూత అల్లిక సంచి అల్లిక కంటే కాస్త వేరుగా కనిపించడం సహజం. అక్కడ పని తిప్పి తిప్పి వేస్తున్నాం కదా.

దారం తెంపకండి. 15వ వరస అయ్యాక అలాగే మూత పక్క అంచు వెంట స్లిప్ కుట్లు (కొక్కెం దూర్చి లాగిన దారాన్ని కొక్కెం మీది లూపులోంచి కూడా ఒకేసారి లాగేయడం) వేసుకుంటూ దిగండి: వరసకొకటి, అంచు ఉబ్బుతుంటే ఏడెనిమిది వరసలకోసారి ఒకటి వదలొచ్చు. తర్వాత సంచి ముందు నోరు మీద 22 స్లిప్ కుట్లు బిగువుగా వేసి, రెండో అంచు ఎక్కి, కొస చుట్టి ముగించండి. నోటి మీద ఈ వరస లేకపోతే ఫోను పెట్టి తీసేకొద్దీ నోరు వదులై అలలు తేలుతుంది.

పట్టీ

దారంతో కొలవండి. ఒక భుజం మీదుగా ఎదుటి నడుము కింద సంచి ఎక్కడుండాలో అక్కడి దాకా ముందూ వెనకా కలిపి. మామూలు ఎత్తు మనిషికి 115 నుంచి 125 సెం.మీ. తేలుతుంది. పట్టీ బరువుకు సాగుతుంది కాబట్టి 120 అనుకుంటే 116కే అల్లండి.

116 సెం.మీ.కి 232 గొలుసులు. ఒక గొలుసు వేసి తిరిగి, గొలుసు వెనక గుబ్బల్లో ఒక వరస సింగిల్ క్రోషే, దాని మీద ఇంకో వరస. చివరగా రెండు పొడుగు అంచుల వెంటా బిగువుగా స్లిప్ కుట్లు. వెడల్పు సుమారు 1.4 సెం.మీ. వస్తుంది. పట్టీని అడ్డంగా, నాలుగేసి కుట్ల వరసలతో 116 సెం.మీ. దాకా అల్లుకుంటూ పోయే పద్ధతి తేలిక, కానీ అలా అల్లింది పొడవునా రబ్బరులా సాగుతుంది. నిలువు వరసలే నయం.

అయ్యాక అర కేజీ పప్పు ప్యాకెట్ కట్టి రాత్రంతా తలుపు గొళ్లేనికి వేలాడదీయండి. పొద్దున కొలిస్తే సాగాల్సింది చాలావరకు సాగి ఉంటుంది. ఇప్పుడు నాడా. ముందే తడిపి ఆరబెట్టి ఇస్త్రీ చేసి ఉండాలి, లేకపోతే మొదటి ఉతుకులో ముడుచుకుని పట్టీని కుచ్చిళ్లు కుచ్చిళ్లుగా లాగేస్తుంది. పట్టీ కంటే 1 సెం.మీ. తక్కువ పొడవులో పడేలా నాడాను వెనక వైపు పిన్నీసులతో అక్కడక్కడా పట్టించి, రెండు అంచులా సన్నగా చేతికుట్టు వేయండి. పొట్టిగా ఉన్న నాడాయే ముందు బరువు అందుకుంటుంది, అల్లికకు భారం చేరదు. నాడా కొసలు కూడా పట్టీతో పాటు డి-రింగు చుట్టూ తిరిగి వచ్చి కుట్టు పడాలి. నాడాను రింగు ముందే ఆపేస్తే ఆ రెండు సెం.మీ. అల్లిక మీదే బరువంతా పడి అక్కడ తెగుతుంది.

రింగులు సంచికి పట్టించడానికి 3 కుట్ల వెడల్పు, 10 వరసల పొడవున్న చిన్న బిళ్లలు రెండు అల్లండి. రింగులోంచి మడిచి, సంచి పక్క మడత మీద, నోటి నుంచి కిందికి 2 సెం.మీ. మేర ఆనేలా పెట్టి కుట్టండి. లోపల వైపు ఓ నాడా ముక్క ఉంచి దాన్ని కూడా కలుపుకుంటూ చతురస్రంగా కుట్టు వేసి, మధ్యలో ఇంటూ వేయండి. నోటి అంచున ఒకే వరసకు కుట్టిన పట్టీ ఆ వరసను చెవిలా పైకి లాగేస్తుంది.

లైనింగ్

చాలామంది వదిలేసేది ఇదే. వదిలేస్తే తాళంచెవి మొన అల్లికలోంచి బయటికి పొడుచుకొస్తుంది, ఫోను బరువు నేరుగా అల్లిక మీద పడుతుంది. గుడ్డ ముందే తడిపి ఆరబెట్టండి. 13 సెం.మీ. వెడల్పు, 38 సెం.మీ. పొడవు ముక్క కత్తిరించి, మంచివైపు లోపలికి ఉండేలా సగానికి మడిచి, రెండు పక్కలా 1 సెం.మీ. వదిలి కుట్టండి. పైన ఒకటిన్నర సెం.మీ. బయటికి మడవండి. 11 సెం.మీ. వెడల్పు, 17.5 సెం.మీ. లోతు సంచి వస్తుంది.

అల్లిన సంచి 18, లైనింగ్ 17.5. ఆ అర సెంటీమీటరు తేడా కావాలని పెట్టిందే. లైనింగ్ పొట్టిగా ఉంటే ఫోను దాని అడుగున ఆగుతుంది, అల్లిక కేవలం పైతొడుగుగా ఉంటుంది. పొడుగైతే గుడ్డ అడుగున ఉండచుట్టుకుంటుంది, బరువు అల్లికదే అవుతుంది.

ఏటీఎం కార్డు, మెట్రో కార్డు పెట్టుకోవడానికి జేబు కావాలంటే పక్కలు కుట్టకముందే 12 సెం.మీ. వెడల్పు, 9 సెం.మీ. ఎత్తు ముక్క తీసుకుని, పైన 2, మిగతా మూడు వైపులా 1 సెం.మీ. మడిచి లైనింగ్ మంచివైపు మీద కుట్టండి. కార్డు 8.56 సెం.మీ. వెడల్పు, 5.4 సెం.మీ. ఎత్తు, హాయిగా పడుతుంది.

లైనింగును తిప్పకుండా అలాగే సంచిలోకి దించి, నోటి అంచుకు రెండు మూడు మి.మీ. కింద సన్నగా హెమ్మింగ్ చేయండి. దారం అల్లిక లోపలి పోగులనే పట్టాలి, బయటికి కనిపించకూడదు. రింగుల దగ్గర నాడా ముక్కను కూడా కలుపుకుంటూ రెండు కుట్లు ఎక్కువ వేయండి.

గుండీ అన్నిటికంటే చివర. ఫోను లోపల పెట్టి, మూత వేసి, కాజా ఎక్కడ ఆనిందో అక్కడ గుర్తు పెట్టి కుట్టాలి. ఖాళీ సంచి మీద గుర్తు పెడితే ఫోను పెట్టాక మూత అందదు. గుండీ కింద లోపలి వైపు చిన్న గుడ్డముక్క పెట్టి కుడితే అల్లిక లాగుకుపోదు. గుండీకి బదులు అయస్కాంతం బటను పెట్టాలనిపిస్తుంది గానీ, అది ఫోనులోని దిక్సూచిని తికమక పెడుతుంది, అయస్కాంత పట్టీ ఉన్న కార్డులను పాడు చేయగలదు. కార్డు జేబు పెట్టుకున్న సంచికి గుండీయే సరి.

ఉతికినప్పుడు చన్నీళ్లలో చేత్తో నొక్కి ఉతకండి, మెలిపెట్టి పిండకండి. తువ్వాలులో చుట్టి నీళ్లు తీసి, ప్లాస్టిక్ కవరు చుట్టిన ఫోను కొలత అట్టముక్క లోపల పెట్టి నీడలో పడుకోబెట్టి ఆరేయండి. తడిసిన నూలు బరువుకు సాగుతుంది కాబట్టి తీగ మీద పట్టీతో వేలాడదీయకూడదు. వానల్లో నూలు సంచి నీళ్లు పీల్చుకుంటుంది, చినుకులు మొదలైతే ఫోనును జిప్ కవర్లో పెట్టి సంచిలో వేసుకోండి.